పది దినముల పరీక్ష
(అనుదిన భోజనపు అలవాట్లను గూర్చిన పాఠము)

పఠన భాగములు: దానియేలు 1:3-16, 1 రాజులు 19:4-8, రూతు 2:14, సామెతలు 25:16, రోమా 14:1-6

ముఖ్యాంశము: మంచి భోజనపు అలవాటు ఆకలివేళ పుట్టదు. అది ముందుగా హృదయములో నిశ్చయింపబడి, కొద్ది దినములు ఆచరింపబడి, పిదప ఇంటివారందరి సొత్తగును.

ఉపోద్ఘాతము

యెరూషలేమునుండి బబులోనునకు కొనిపోబడిన నలుగురు యౌవనస్థుల సంగతి మనము బాల్యమునుండి వినుచున్నాము. వారి స్వదేశము పోయెను. వారి పేళ్లు మార్చబడెను. వారు నేర్వవలసిన భాషను, చదువవలసిన విద్యను, చేయవలసిన కొలువును రాజే నిర్ణయించెను. వారి చేతులలో మిగిలినది దాదాపు భోజనపు పళ్లెము ఒక్కటే. అదియు రాజు బల్లనుండి వచ్చునదే. అచ్చటనే దానియేలు తన నిశ్చయమును నిలిపెను.

ఈ భాగమును చదువునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. దానియేలు దేహారోగ్యము కొరకు రాజభోజనమును మానలేదు. తాను అపవిత్రుడు కాకూడదని మానెను. గనుక ఈ అధ్యాయము మనకు వైద్యుడు వ్రాసిన చీటీ కాదు. అయినను ఒక అలవాటు ఎట్లు పుట్టునో, ఎట్లు నిలుచునో ఇందులో తేటగా కనబడుచున్నది. మొదట అతడు తన హృదయములో నిశ్చయించుకొనెను. రెండవదిగా, తన పైవారిని వినయముతో అడిగెను. మూడవదిగా, జీవితకాలపు ప్రతిజ్ఞ చేయక, పది దినముల పరీక్షను మాత్రమే కోరెను. నాలుగవదిగా, ఒంటరిగా గాక ముగ్గురు స్నేహితులతో కలిసి ఆచరించెను. ఈ నాలుగు మెట్లను మనస్సునందుంచుకొని మన పళ్లెములవైపు చూతము.

1. పరస్థలములో మన పళ్లెము

ఢిల్లీకి తూర్పున, ఉత్తర ప్రదేశ్‌లోని ఘజియాబాద్‌లో వైశాలి అను పేట కలదు. ఇది బీహారులోని ప్రాచీన వైశాలి కాదు. అంతస్తుల ఇండ్లతో నిండిన నేటి నివాసస్థలము. 2011 జూలై 14న మెట్రో రైలు ఇక్కడివరకు వచ్చినది మొదలు, ఢిల్లీలో కొలువు చేయుచు ఇక్కడ కాపురముండుట సులభమాయెను. ఇక్కడను, పొరుగుననున్న ఇందిరాపురం, వసుంధర, కౌశాంబి పేటలలోను మన తెలుగు కుటుంబములు నివసించుచున్నవి.

అట్టి కుటుంబములలో ఒకదాని దినచర్యను ఊహించుకొందము. ఉదయము తొందరలో టీయు, రెండు బిస్కత్తులును. మధ్యాహ్నము కచేరీ క్యాంటీనులో నూనెలో వేగిన భటూరాలు. సాయంకాలము మిత్రులతో సమోసా, మరియొక టీ. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరిన పిమ్మట పళ్లెమునిండ అన్నము, వేపుడు, ఆవకాయ, అప్పడము, వెంటనే నిద్ర. పిల్లలు అప్పటికే పొట్లములలోని నూడుల్సు తిని పరుండియుందురు. ఇంటి ఇల్లాలు అందరికిని వడ్డించి, చివర మిగిలినది తినును.

దీనిని తిండిపోతుతనమని నిందించుట న్యాయము కాదు. ఇందులో అలసట కలదు. ఊరిమీది బెంగయు కలదు. దినమంతయు పరభాష మాటలాడిన మనుష్యునికి రాత్రివేళ అన్నమును ఆవకాయయు తల్లి పిలుపువలె నుండును. ఏలీయా అలసి చెట్టుక్రింద పరుండి చావును కోరినప్పుడు, దేవుడు మొదట అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చి, మరల తినుమని లేపెను. అతని ముందున్న ప్రయాణము దూరమైనదని ఆయన ఎరిగియుండెను. గనుక అలసినవానికి ఆహారము పెట్టుట దేవుని కార్యమే. అయితే ఆ ఆహారము అతనిని ముందున్న ప్రయాణమునకు సిద్ధపరచెనని గమనింపుడి. మన రాత్రి భోజనము మనలను మరుసటి దినమునకు సిద్ధపరచుచున్నదా, లేక కొంచెము కొంచెముగా క్రుంగదీయుచున్నదా? ప్రతి ఇల్లును వేసికొనవలసిన ప్రశ్న ఇదియే.

2. తెలుగు నేల నేర్చిన పాఠము

భోజనము విషయములో మన పితరులు గొప్ప వెల చెల్లించి నేర్చిన పాఠము ఒకటి కలదు. పూర్వము మన గ్రామములలో వడ్లు రోకటితో దంచెడివారు. దంపుడు బియ్యమునకు తవుడు పొర కొంత మిగిలియుండెడిది. మరలు వచ్చిన తరువాత మల్లెపూవువంటి తెల్లని బియ్యము అందుబాటులోనికి వచ్చెను. తెల్లని అన్నము గౌరవమునకు గురుతాయెను. ముతక అన్నము పేదరికమునకు గురుతాయెను.

అయితే ఉత్తర సర్కారులని పిలువబడిన మన కోస్తా జిల్లాలలో 20వ శతాబ్దపు మొదటి సగమున బెరిబెరి వ్యాధి విస్తారముగా నుండెను. కాళ్లు తిమ్మిరెక్కుట, బలము తగ్గుట, దేహము ఉబ్బుట, చివరకు గుండె ఆగుట దాని లక్షణములు. అట్టి ఆహారము తినుచు పాలిచ్చు తల్లుల పసిబిడ్డలు హఠాత్తుగా మరణించుటయు కలదు. అదే మద్రాసు రాజధానిలో ఉప్పుడు బియ్యము తిను ఇతర జిల్లాలలో ఈ వ్యాధి అరుదుగా నుండెను. ఇరువురును అన్నమే తినుచుండిరి. భేదము బియ్యమును సిద్ధపరచు విధమునందుండెను.

1890ల లోనే జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, పాలిషు బియ్యము తినిన కోళ్లు కాళ్లు పడిపోయి, తవుడుతో కూడిన బియ్యము తినగా తిరిగి కోలుకొనుటను గమనించెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము లభించెను. మన దేశములో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్, ఆయన తరువాత ఎక్రాయిడ్ ఈ విషయమై పరిశోధించిరి. తవుడునందును, గింజ మొలకయందును ఉండు బి-1 విటమిన్ మరలో పోవుచున్నదనియు, బియ్యమును పలుమారులు కడుగుటవలనను, గంజి వార్చి పారబోయుటవలనను మిగిలినదియు తగ్గుచున్నదనియు తెలిసెను. వడ్లను ఉడికించి ఆరబెట్టినప్పుడు ఆ సారము గింజలోనికి ఇంకును; అందుచేతనే ఉప్పుడు బియ్యము తినినవారు కాపాడబడిరి. కూనూరులోని ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది.

ఇది చదివి కొందరు, అన్నము చెడ్డది, జొన్నలే మంచివి అని త్వరపడుదురు. అదియు సరికాదు. 1960 ప్రాంతములలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదులో పెల్లాగ్రా అను వ్యాధిని పరిశీలించిరి. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పొరలుగా లేచుట, విరేచనములు, మనస్సు కలత చెందుట దాని లక్షణములు. అది ముఖ్యముగా జొన్నలపైననే ఆధారపడి, వాటితో తగినంత పప్పుగాని పాలుగాని కూరలుగాని దొరకని పేదవారిలో కనబడెను. తెల్లని అన్నము ఒక్కటే తినినవారికి ఒక వ్యాధి. జొన్నలు మాత్రమే తినినవారికి మరియొక వ్యాధి. దోషము ఏ ధాన్యమునందును లేదు. పళ్లెములో ఒక ధాన్యమే రాజై, దానికి తోడు లేకపోవుటయందున్నది.

3. నేటి శత్రువు

బెరిబెరి నేడు అరుదాయెను. దానికి మారుగా మరియొకటి మన ఇండ్లలో ప్రవేశించినది. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము, మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని అంచున నున్నారు. ఇది శబ్దము చేయక వచ్చు వ్యాధి. నొప్పి ఉండదు, జ్వరము రాదు. తెలియవచ్చునప్పటికి కొందరి కన్నులు, మూత్రపిండములు, పాదముల నరములు అప్పటికే దెబ్బతినియుండును. ఇంటిని పోషించువాడు నలువదియేండ్లకే రోగియగుట ఆ ఇంటికంతటికి ఎంత భారమో మన సంఘములలో మనము చూచుచునే యున్నాము.

దీనికి వంశము, వయస్సు, శ్రమలేమి, నిద్రలేమి మొదలగు కారణములు అనేకములు. వాటిలో మన చేతిలోనున్నది పళ్లెము. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, దినమునకు 2,000 కిలోకేలరీలు అవసరమైన పెద్దవారికి చాలిన ఆహారము ఇంచుమించు ఇది: బియ్యము, గోధుమ, చిరుధాన్యములు అన్నియు కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఇవి వండకముందు తూకములు. ఉప్పు 5 గ్రాములు, అనగా చదునుగా కొలిచిన ఒక చిన్న చెంచాకు మించరాదు. ఆవకాయ, అప్పడము, పొట్లములలోని కారపు చిరుతిండ్లలోని ఉప్పును ఇందులోనిదే.

ఈ అంకెలను కంఠస్థము చేయనక్కరలేదు. పళ్లెమువైపు చూచిన చాలును. మనకు సాధారణముగా ముప్పాతిక పళ్లెము అన్నముండి, కూర అంచున నుండును. సగము పళ్లెము కూరలు, పండ్లును; ఒక పాతిక అన్నము లేక రొట్టె; మిగిలిన పాతిక పప్పు, పెరుగు, గ్రుడ్డు లేక చేప ఉండునట్లు మార్చుకొనవలెను. అన్నమును వెళ్లగొట్టుట కాదు. దానిని తన స్థానమునందు కూర్చుండబెట్టుట. తేనె దొరికినప్పుడు చాలినంతయే తినవలెనని సామెతల గ్రంథము బోధించుచున్నది. తేనె మంచిదే, మితము లేనిచో మంచిదియు కక్కించును.

4. పేళ్లు వేరు, పంట ఒకటే

"మన కూరలు ఇక్కడ దొరకవండీ" అని ఉత్తరదేశమున స్థిరపడిన మన సోదరీలు తరచుగా చెప్పుదురు. గోంగూర విషయములో అది నిజమే కావచ్చును. కాని వైశాలికి సమీపముననే సాహిబాబాద్‌లోను, ఘాజీపూర్‌లోను పెద్ద కూరగాయల మండీలున్నవి. వీధులలో బండ్లకును కొదువ లేదు. బండివాడు లౌకీ అనునది మన సొరకాయయే. తోరీ మన బీరకాయ. కరేలా మన కాకరకాయ. లోబియా మన బొబ్బర్లు. బాజ్రా మన సజ్జలు. ఆమ్లా మన ఉసిరికాయ. పేరు మారినది గాని దేవుడు మొలిపించిన పంట మారలేదు.

ఢిల్లీ శీతకాలము ఆకుకూరల కాలము. పాలకూర, మెంతికూర, ఆవ ఆకు, బథువా అను ఆకు, ఎర్రని క్యారెట్టు, లేత ముల్లంగి ఆ నెలలలో విస్తారముగాను చవుకగాను వచ్చును. బథువాను పెసరపప్పుతో ఉడికించి వెల్లుల్లి పోపు వేసినయెడల అది మన ఆకుకూర పప్పువలెనే యుండును. గోంగూర లేనిచోట పాలకూరలో కొంచెము చింతపండు చేర్చుకొనవచ్చును. వారమునకు రెండు రాత్రులు అన్నమునకు మారుగా సజ్జ రొట్టె, బొబ్బర్ల కూర చేసికొనవచ్చును. వేసవిలో సొరకాయ పులుసు, బీరకాయ పచ్చడి, దోసకాయ, పలుచని మజ్జిగ దేహమునకు హితము. ఇరుగుపొరుగువారి వంటలను నేర్చుకొనుట కూడ మంచిదే. ఆ వాకిటనే సాక్ష్యమునకును స్నేహమునకును తలుపు తెరువబడును.

5. చివర భుజించు తల్లి

ఆరోగ్యకరమైన భోజనమును గూర్చి మాటలాడునప్పుడు మనము తరచుగా మరచునది ఒకరిని: వండినవారిని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత కలవారు. దీనికి కారణములు పెక్కు. కాని కూర అయిపోయిన పిమ్మట మజ్జిగన్నముతో సరిపెట్టుకొను అలవాటు వాటిలో ఒకటి కాదని ఎవరు చెప్పగలరు? దానిని మనము త్యాగమని మెచ్చుకొనుచున్నాము. త్యాగమును మెచ్చుకొనుట సులభము. పాత్రలో కూర మిగుల్చుట కొంచెము కష్టము.

బోయజు రూతును భోజనకాలమున దగ్గరకు పిలిచి, కోతవారియొద్ద కూర్చుండబెట్టి, తానే ఆమెకు పేలాలు అందించెను. ఆమె తృప్తిగా తిని, కొంత మిగిల్చెను. పరదేశియైన స్త్రీ ఆ పొలములో చివరిదిగా తినలేదు. మన ఇండ్లలో ఇది ఆచారము కావలెను: అందరును ఒక్కసారిగా కూర్చుండుట, కాదేని ఆమె పాలు ముందుగా తీసి ఉంచుట. ఆకుకూరలోను పప్పులోను ఉండు ఇనుము దేహమునకు పట్టుటకు నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తోడ్పడును. భోజనము కాగానే టీ త్రాగుట దానికి అడ్డుపడును. గంటసేపు ఆగుట మేలు. అలసట, ఆయాసము విడువనిచో రక్తపరీక్ష చేయించుకొనవలెను.

6. తీర్పు తీర్చకుడి, బలవంతము చేయకుడి

మంచి అలవాటు నేర్చినవానికి ఒక శోధన కలదు. అతడు ఇతరుల పళ్లెములను చూచి తీర్పు తీర్చును. రోమాలోని సంఘములో తినువారికిని తిననివారికిని మధ్య వచ్చిన కలహము ఇట్టిదే. ఒకరినొకరు తృణీకరింపకుడని పౌలు వారికి బోధించెను. పండ్లు కొనలేని ఇల్లు మన సంఘములో ఉండవచ్చును. అట్టివారియెదుట ఖరీదైన ఆహారమును గూర్చి అతిశయించుట ప్రేమ కాదు. నిజమునకు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, మజ్జిగ, వేయించిన శనగలు, కాలమునకు తగిన చవుక పండు పొట్లములలోని తిండికంటె మేలైనవే.

రెండవ శోధన వడ్డించువారికి కలదు. తెలుగువారి ఆదరణ కొసరి కొసరి వడ్డించుటలోనున్నది. క్రిస్మసు విందులోను, సంఘ భోజనములోను "ఈ ఒక్కటి తినండి, ఏమీ కాదు" అని మధుమేహము గల పెద్దవారి ఆకులో మిఠాయి వేయుదుము. వారు కాదనలేరు; మనము ఆనందింతుము; బాధ వారిది. బబులోనులోని నియామకుడు అన్యుడైనను దానియేలు మాట వినెను, రాజు బల్లపైని భోజనమును బలవంతము చేయలేదు. అతిథి చాలునన్నప్పుడు నమ్ముట కూడ ఆతిథ్యమే. సంఘ భోజనములో బిరియానీతోపాటు ఒక పెద్ద పాత్రలో పచ్చి కూరముక్కలను, పలుచని మజ్జిగను ఉంచుట ఏ విందునకును లోటు చేయదు.

7. మన పది దినములు

ఇక ఆచరణ. దానియేలువలె మనమును పది దినములు కోరుకొందము. పది దినములలో వ్యాధులు మాయమగునని చెప్పుట లేదు. అలవాటునకు త్రోవ ఏర్పడును. ఈ క్రిందివానిలో ఏవేని మూడింటిని మాత్రమే ఎన్నుకొని, ఇంటివారందరు సమ్మతించి, ఒక కాగితముపై వ్రాసి వంటగదిలో అంటించుడి.

(1) ఉదయము ఇల్లు విడువకముందు టీ, బిస్కత్తులు గాక నిజమైన ఆహారము తినుట. పెసరట్టు, ఉప్మాలో కూరముక్కలు, గ్రుడ్డు, రాత్రి నానబెట్టిన శనగలు ఏవైనను సరే.
(2) మధ్యాహ్నపు డబ్బాలో అన్నముకంటె కూర ఎక్కువగా సర్దుట.
(3) సాయంకాలము సమోసాకు మారుగా సంచిలో వేయించిన శనగలో, ఒక పండో ఉంచుకొనుట. ఆకలి వేసిన పిమ్మట వెదకినయెడల దొరకునది సమోసాయే.
(4) రాత్రి భోజనమునకు రెండవసారి అన్నము వడ్డించుకొనక, రెండవసారి కూర వడ్డించుకొనుట. తినిన వెంటనే పరుండక కొంతసేపు నడచుట.
(5) ఆవకాయను వేలితో అద్దుకొనునంతకు తగ్గించుట.
(6) ఇంటిలో పొట్లపు చిరుతిండ్లను కొని ఉంచకుండుట. పిల్లలకు ఉపదేశముకంటె ఖాళీ డబ్బా ఎక్కువ బోధించును.
(7) దినమునకు ఒక్క పూటయైనను టెలివిజను, ఫోను లేకుండ అందరు కలిసి కూర్చుండి, కృతజ్ఞతాస్తుతి చేసి భుజించుట.

మధుమేహమునకు, రక్తపోటునకు మందులు వాడువారు ఆహారమును ఎక్కువగా మార్చకముందు, ఉపవాసముండకముందు తమ వైద్యుని అడుగవలెను. మందు మునుపటివలెనే వేసికొని ఆహారమును తగ్గించినయెడల చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

ఒక దినము తప్పిపోయినయెడల పదియును పోయినవని ఎంచవలదు. అరణ్యములో మన్నా ప్రతి ఉదయము క్రొత్తగా కురిసెను. నిన్నటిది నేటికి సరిపోలేదు. అలవాటును ఆలాగే ప్రతి ఉదయము మరల ఏరుకొనవలసినది. పదవ దినమున ఇంటివారందరు కూడి, మూడింటిలో ఏది నిలిచెనో, ఏది నిలువలేదో, ఎందుకో మాటలాడుకొనుడి. నిలిచినదానిని ఉంచుకొని, దానికి మరియొకటి చేర్చుడి. ఈలాగున అలవాటు ఇంటిలో కాపురముండును.

చర్చించుటకు ప్రశ్నలు

1. దానియేలు నిశ్చయమునకును, అతడు అడిగిన విధమునకును గల సంబంధమేమి? ఇంటిలో అలవాటు మార్చునప్పుడు మనము అట్లు అడుగుచున్నామా, ఆజ్ఞాపించుచున్నామా?
2. మీ పళ్లెములో ఏ ధాన్యము రాజై యున్నది? దానికి తోడుగా ఏమి చేర్చగలరు?
3. మీ ఇంటిలో చివర భుజించువారెవరు? వారికి మిగులునదేమి?
4. మీ సంఘ భోజనములో రోగులును వృద్ధులును బిడియపడక తినగలిగినవి ఎన్ని ఉన్నవి?
5. మీరున్న ఊరిలో ఈ నెల చవుకగా దొరకు ఆకుకూరలు, పండ్లు ఏవి?

ప్రార్థన

మా అనుదినాహారమును దయచేయు తండ్రీ, మా పళ్లెములోనిదానికై నీకు స్తోత్రము. చాలినంత తినుటకు జ్ఞానమును, చాలునని చెప్పుటకు బలమును, లేనివారితో పంచుకొనుటకు మనస్సును మాకు అనుగ్రహించుము. మా ఇండ్లలో వండువారిని బలపరచుము. దూరదేశములలో అలసి ఇల్లు చేరు మా వారిని కాపాడుము. ఆమేన్.